సస్పెన్స్ ఖాతాలో ఒక పతకం

2025 ఉగాది వేడుకల ఫోటోలు వేసిన మన పత్రిక సంచిక మీలో చాలామంది ఇళ్ళల్లో ఇంకా ఉండే ఉంటుంది. చివరి పేజీలో శాలువా కప్పించుకుని, మెడలో పతకంతో, కొత్తల్లుడిలా సిగ్గుపడుతూ నిలబడ్డ బట్టతల మనిషిని నేనే. కింద "56వ ఏట 21 కిలోమీటర్ల పరుగు పూర్తిచేసిన మన సభ్యుడు" అని వేశారు. ఆ మాటల్లో వయసు ఒక్కటే నిజం.

నేను ఆ పరుగు పూర్తిచెయ్యలేదు. పదహారో కిలోమీటరు దగ్గర కూలబడ్డాను. మిగతా దూరం ఆటోలో వెళ్ళాను. పతకం మాత్రం మెడలో వేసుకుని ఇంటికొచ్చాను. పది నెలలపాటు ఆ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానో తరవాత మనవి చేస్తాను. ముందు పరుగు సంగతి.

నేను నెల్లూరులో బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, గూడూరు, చిత్తూరు, కోయంబత్తూరు తిరిగి, పదకొండేళ్ళ కిందట మద్రాసు చేరినవాణ్ణి. (ఊరి పేరు 1996లో మారింది గానీ నా నోటికింకా మద్రాసే.) ముప్పయ్యేళ్ళు కుర్చీలో కూర్చుని జనం లెక్కలు సరిచూసిన మనిషికి 52వ ఏట ఒంట్లో చక్కెర లెక్క తప్పింది. డాక్టరుగారు నడవమన్నారు. మైలాపూరులో నాగేశ్వరరావు పార్కులో నడక మొదలుపెట్టాను. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకి పెట్టారు. పొద్దున ఆయన పేరున్న పార్కులో నడవడం, రాత్రి మోకాళ్ళకు ఆయన కనిపెట్టిన అమృతాంజనం రాసుకోవడం. అలా ఏడాది గడిచింది.

మా బ్రాంచిలో క్లర్కుగా చేరిన ఒక అమ్మాయి నన్ను నడకనుంచి పరుగులోకి దింపింది. "మాట్లాడుతూ పరిగెత్తగలిగితే మీరు సరైన వేగంలో ఉన్నట్టు సార్. మాట ఆగిపోతే వేగం తగ్గించండి" అని ఒకే ఒక్క సూత్రం చెప్పింది. ఆ సూత్రం పట్టుకుని 2024 జనవరిలో చెన్నై రన్నర్స్ వాళ్ళు జరిపే మారథాన్‌లో 10 కిలోమీటర్లు పరిగెత్తాను. అది మాత్రం అక్షరాలా పూర్తిచేశాను. మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్న రెండు పతకాల్లో ఎడమవైపుది నాదే, దాని మీద తగాదా లేదు.

జనవరి తెల్లవారుజామున మద్రాసు మద్రాసులా ఉండదు. ఇరవై, ఇరవైరెండు డిగ్రీల చల్లదనం. పెద్ద మారథాన్‌ని ఇక్కడ జనవరిలో, అదీ చీకటితోనే ఎందుకు పెట్టుకుంటారో నాకప్పుడు తట్టలేదు. పదికి పది సులువుగా పరిగెత్తాను గనక ఇరవైఒకటికి ఇంకో పదకొండు కలిపితే సరి అనుకున్నాను. కామర్సు చదివినవాడి కూడిక! జూలైలో మన ఊళ్ళోనే జరిగే ఒక హాఫ్ మారథాన్‌కి డబ్బు కట్టేశాను.

"ఎవరైనా తరిమితే పరిగెత్తాలి గానీ, ఎదురు డబ్బిచ్చి పరిగెత్తడమేమిట్రా?" అంది మా అమ్మ.

జూలై సంగతి మన ఆడవాళ్ళకు బాగా తెలుసు. మే నెలలో, అగ్నినక్షత్రం రోజుల్లో మేడ మీద ఆరేసిన చీర గంటలో పెళపెళలాడుతుంది. జూలైలో తెల్లవారుజామున ఆరేసిన తువ్వాలు ఆఫీసుకి బయల్దేరేదాకా చెమ్మగానే ఉంటుంది. గాలిలో అప్పటికే ఎంత తేమ పట్టాలో అంతా పట్టి ఉంటుంది, ఇంక పుచ్చుకోదు. నైరుతి రోజుల్లో గాలి పడమటినుంచి, నేలమీదుగా వస్తుంది. సముద్రపు గాలి తిరగాలంటే మధ్యాహ్నం దాటాలి. సముద్రం పక్కనే పరిగెడుతున్నా సముద్రపు గాలి ఉండదన్నమాట.

మనిషి ఒళ్ళు కూడా ఆరేసిన తువ్వాలు లాంటిదే. పరిగెత్తేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో మూడొంతులకు పైగా వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి మనకున్న ముఖ్యమైన దారి చెమట ఆరడం. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. నాలాంటి 72 కిలోల మనిషి గంటకు ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తితే ముప్పావు లీటరు చెమట పూర్తిగా ఆరితే చాలు, లెక్క సరిపోతుంది. కానీ అది ఆరాలి. నేలమీద కారిపోయిన చెమట వల్ల కాణీ లాభం లేదు. అది రానిబాకీ కింద కొట్టేసుకోవలసిందే. జూలై పొద్దున నా చెమటంతా రానిబాకీయే. ఉష్ణోగ్రత 28 అని ఫోనులో చూసి "ఇంతేనా" అనుకున్నవాణ్ణి, పక్కనే ఉన్న తేమ అంకె చూడలేదు.

పరుగు బెసెంట్ నగర్ బీచి దగ్గర ఐదున్నరకు మొదలైంది. అడయారు వంతెన దాటి, శాంథోమ్ మీదుగా, మెరీనా పొడుగునా నేపియర్ వంతెన దాకా వెళ్ళి, అదే దారిన వెనక్కి రావాలి. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. మూడో కిలోమీటరుకే బనీను పిండితే బొట్లు రాలేలా ఉంది గానీ, మద్రాసులో అది మామూలే కదా అనుకున్నాను. మా క్లర్కు అమ్మాయి ముందు వెళ్ళిపోయింది. "రెండు గంటల నలభై నిమిషాల్లో వచ్చేస్తా" అని ఆమెతో ముందురోజు గొప్పగా అన్నాను. ఆ మాట నా నెత్తిన కూర్చుంది.

నేపియర్ వంతెన దగ్గర తిరిగేసరికి సూర్యుడు సముద్రం మీదికి పైకొచ్చాడు. ఇక ఎడమ చెంప మీద ఎండ. చెపాక్, ప్రెసిడెన్సీ కాలేజీ, తరవాత ఐస్ హౌస్. ఈ ఐస్ హౌస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వివేకానందులవారు 1897లో తొమ్మిది రోజులు బస చేసిన భవనం, ఇప్పుడు వివేకానంద ఇల్లం. అంతకు ముందు అది నిజంగా ఐసుగడ్డల గిడ్డంగి. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి అమెరికాలో చలికాలం చెరువుల మీద గడ్డకట్టిన మంచుని దిమ్మెలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి, నెలల తరబడి ఓడల్లో ప్రయాణం చేయించి మన దేశానికి తెచ్చి అమ్మేవాడు. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో ఆ భవనం కట్టించాడు. ఎన్నోసార్లు ఆ ముందునుంచి వెళ్ళాను గానీ, ఆ రోజు మాత్రం లోపల ఏ మూలో ఇంకో దిమ్మ మిగిలి ఉండకపోతుందా అని నిజంగానే అనిపించింది. నవ్వు కూడా వచ్చింది. నవ్వు వచ్చింది గనక బాగానే ఉన్నాననుకున్నాను.

లైట్‌హౌస్ దాటాక ఒక విచిత్రం జరిగింది. అంత ఉక్కలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చలి! కాసేపు హాయిగా కూడా ఉంది. పరుగులో నా కంటే పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, నన్ను దాటుకుంటూ "ఆర్ యూ ఓకే?" అని అడిగాడు. బొటనవేలు ఎత్తి చూపించాను. మాట ఎందుకు రాలేదో ఆలోచించలేదు. మాట ఆగిపోతే వేగం తగ్గించమన్న సూత్రం అప్పటికి గంట కిందటే మర్చిపోయాను.

శాంథోమ్ దాటాను. పట్టినపాక్కం దగ్గర 16 అని రాసిన బోర్డు కనిపించింది. ఇంకెంత దూరం? ఇరవైఒకటిలోంచి పదహారు తీసెయ్యాలి. తీసేశాను, ఏడొచ్చింది. కాదే అనిపించింది. మళ్ళీ తీశాను. ఈసారి ఏమీ రాలేదు. నోటిలెక్కల్లో పేరున్నవాణ్ణి. బ్రాంచిలో కంప్యూటరు ఆగిపోతే నా దగ్గరికే వచ్చేవాళ్ళు. 21 లోంచి 16 తీస్తే ఎంతో నాకు తెలియడం లేదు! ఆ క్షణంలో కాళ్ళనొప్పి, గుండెదడ నన్ను భయపెట్టలేదు. ఆ తీసివేత భయపెట్టింది. ఆగిపోయాను.

ఆగడం అని ఇప్పుడు గొప్పగా రాస్తున్నాను గానీ, సగం ఆగాను, సగం పడ్డాను. ప్లాట్‌ఫారం మీద చేపలు పెట్టుకుంటున్న ఒకావిడ "ఉక్కారు సార్, ఉక్కారు" అంటూ రెక్క పట్టుకుని కూలేసింది. ఇంకేమీ అడగలేదు. పక్కనున్న థర్మాకోల్ పెట్టె మూత తీసి, అందులో కరిగిన ఐసునీళ్ళు చెంబుతో ముంచి నా నెత్తిన పోసింది. మెడ మీద, వీపు మీద, మళ్ళీ నెత్తిన. ఐసుముక్కలు నా టోపీలో వేసి టోపీ నా మెడకు అదిమిపెట్టింది. ఎన్ని చెంబులు పోసిందో తెలియదు. సైకిలు మీద వచ్చిన వాలంటీరు కుర్రాడు అంబులెన్సు పిలుస్తానన్నాడు. నేను చెయ్యి ఊపాను. అది నా మూర్ఖత్వం. దానికి మాత్రం మీరెవరూ నన్ను ఆదర్శంగా తీసుకోవద్దు.

తరవాత చదివితే తెలిసింది, ఆవిడ చేసింది వైద్యశాస్త్రం చెప్పేదే. వడదెబ్బ తగిలి మనిషికి మతి తప్పుతున్నప్పుడు, లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అప్పుడు ముందు చల్లబరచాలి, ఆ తరవాతే ఆసుపత్రికి తరలించాలి. చన్నీళ్ళ తొట్టి ఉంటే అందులో ముంచేస్తారు. నాకు దొరికింది చేపల పెట్టె.

ఓ ఇరవై నిమిషాలకు లెక్క తిరిగొచ్చింది. హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97.5 మీటర్లు. మిగిలింది 5 కిలోమీటర్ల 97.5 మీటర్లు. దశాంశంతో సహా! అంత ఆనందం నాకు ప్రమోషన్ వచ్చిన రోజున కూడా కలగలేదు. జేబులో నోట్లు లేవు. ఫోనులోంచి డబ్బు పంపుతానంటే ఆవిడ విసుగ్గా "పో, పో" అని చెయ్యి ఆడించి, చేపలు పేర్చుకోవడంలో పడిపోయింది.

ఇక్కడిదాకా జరిగినదానికి నేను సిగ్గుపడవలసింది పెద్దగా లేదు. ఇక్కడినుంచే ఉంది.

నా సంచీ బెసెంట్ నగర్‌లో ఉంది. ఆటో ఎక్కి వెళ్ళాను. పక్కదారిన లోపలికి వెళితే, పరుగు ముగించినవాళ్ళ గుంపులో కలిసిపోయాను. అందరూ తడిసి ముద్దయి ఉన్నారు, నేనూ అంతే. యూనిఫాం వేసుకున్న ఒక చిన్నపిల్ల, పన్నెండేళ్ళు ఉంటాయేమో, "సూపర్ అంకుల్!" అంటూ మునికాళ్ళ మీద లేచి నా మెడలో పతకం వేసింది. "వద్దమ్మా, నేను పూర్తిచెయ్యలేదు" అనాలి. ఎంతసేపు పడుతుంది? నేను తల వంచాను. మా క్లర్కు అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఫోటో తీసింది. ఆ ఫోటో మా కుటుంబం గ్రూపులోకి వెళ్ళింది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి పది బొమ్మలు పెట్టి చప్పట్లు కొట్టాడు. నేనింకా చెప్పులు కూడా వేసుకోలేదు, నా కీర్తి హైదరాబాదు దాటింది.

ఇంటికి వెళ్ళగానే అమ్మ దిష్టి తీసింది. మా ఆవిడ బనీను బకెట్లో వెయ్యబోతూ ముక్కు మూసుకుంది.

"ఏమండీ, ఇదేమిటి ఇంత నీచువాసన?"

"సముద్రం పక్కన పరుగు కదా" అన్నాను. ముప్పయ్యేళ్ళ కాపురంలో అంత తడుముకోకుండా అబద్ధం ఆడడం అదే మొదటిసారి.

మా బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం క్యాషు లెక్క చూస్తే ఐదొందలు ఎక్కువొచ్చిందనుకోండి, అది క్యాషియరుది కాదు, బ్యాంకుది కూడా కాదు. ఎవరిదో తేలేదాకా సస్పెన్స్ అకౌంటులో వెయ్యాలి, రిజిస్టరులో రాయాలి. చాలా ఏళ్ళ కిందట ఒక క్యాషియరు అలా ఎక్కువొచ్చిన ఐదొందలు రాయకుండా డ్రాయరులో పెట్టుకున్నాడు. మర్నాడు చెబుదామనుకున్నాడట. నేనతనికి మెమో ఇచ్చాను. "ఎక్కువ రావడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు" అని అందులో నేనే రాశాను. మంచి వాక్యం రాశానని ఆ రోజు మురిసిపోయాను కూడా.

ఉగాది నాడు విశ్వావసు నామ సంవత్సర పంచాంగ శ్రవణం జరుగుతుంటే ముందు వరసలో కూర్చున్నాను. సిద్ధాంతిగారు ఒక్కొక్క రాశికి రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని చదువుతున్నారు. నా రాశి వచ్చేసరికి చెవులు మూసుకోవాలనిపించింది. ఆ తరవాత నా పేరు పిలిచారు. మా ఆవిడ "పతకం వేసుకుని వెళ్ళండి" అని హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇచ్చింది. శాలువా కప్పుతున్నప్పుడు ఆ క్యాషియరు మొహం కనిపించింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. మన సభ్యులు మంచివాళ్ళు.

ఆ తరవాత రాత్రుళ్ళు నిద్ర పట్టక ఫోనులో ఎండలో జరిగిన పరుగుల గురించి చదవడం మొదలుపెట్టాను. నాలాగా ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కోవడమే అది, దాపరికమెందుకు. చాలామందే ఉన్నారు. 2019లో దోహాలో ప్రపంచ పోటీలు జరిగితే, ఎండకు భయపడి ఆడవాళ్ళ మారథాన్ అర్ధరాత్రి పెట్టారు. అయినా 30 డిగ్రీలు దాటిన వేడి, 70 శాతం పైన తేమ. ప్రపంచంలోకెల్లా గట్టి పరుగుమనుషులు 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలో ఆగిపోయారు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్సు కథ. చల్లటి దేశమే, కానీ ఆ జూలై రోజున 30 డిగ్రీలు దాటిన ఎండ కాసింది. అక్కడా బయల్దేరింది 68 మందే. సగం మందే గమ్యం చేరారు. పోర్చుగల్‌నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో లజారో అనే యువకుడు, వృత్తి వడ్రంగం, ఎండ తగలకుండా ఒంటికి మైనం పూసుకుని పరిగెత్తాడంటారు. ఒళ్ళంతా మూసేస్తే చెమట ఎలా ఆరుతుంది? దారిలో పడిపోయాడు. మర్నాడు చనిపోయాడు. ఆధునిక ఒలింపిక్సులో పోటీలో పడి ప్రాణం పోయిన మొదటివాడు అతనే.

అదే పరుగులో జపానునుంచి వచ్చిన షిజో కనకురి అనే కుర్రాడు ఎండకు తట్టుకోలేక సగం దాటాక ఆగిపోయాడు. దారి పక్కన తోటలో కూర్చున్న ఒక కుటుంబం పిలిచి పండ్లరసం ఇచ్చి సేదతీర్చారు. కనకురి సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి, ఓడెక్కి, జపాను వెళ్ళిపోయాడు. ఇక్కడ స్వీడన్‌లో లెక్కల్లో మనిషి లెక్క తేలలేదు, తప్పిపోయాడని రాసుకున్నారు. ఆ తరవాత ఆయన జపానులో ఎన్నో తరాలకు పరుగు నేర్పాడు. 1920లో హకోనె రిలే పరుగు మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకడు. 1967లో స్వీడన్ వాళ్ళు పిలిచి, ఆగిపోయిన పరుగు పూర్తిచెయ్యమన్నారు. 75 ఏళ్ళ ముసలాయన వెళ్ళి, స్టేడియంలో పరిగెత్తి గీత దాటాడు. సమయం 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు అని ప్రకటించారు. ఆయన 92 ఏళ్ళు బతికి 1983లో పోయాడు.

ఆగినవాడు 92 ఏళ్ళు బతికాడు. ఆగినందుకు సిగ్గుపడి దాక్కున్నదీ ఆయనే. ఈ రెండు మాటలూ నా బుర్రలో పక్కపక్కనే పడి ఉన్నాయి గానీ, ఏం చెయ్యాలో తోచలేదు. ఇంతలో మే నెల వచ్చింది.

మా పై అంతస్తులో ఉండే రిటైర్డు ఇంజనీరుగారు మీలో కొందరికి తెలుసు. 63 ఏళ్ళు. రక్తపోటుకి మాత్రలు వేసుకుంటారు. ఓ ఆదివారం సాయంత్రం స్వీట్లు పట్టుకుని వచ్చారు.

"ఆఫీసరుగారూ, ఉగాది నాడు మిమ్మల్ని చూశాక ఊరుకోలేకపోయానండీ. జూలై పరుగుకి డబ్బు కట్టేశాను, ఇరవైఒకటికి! మీరు చెయ్యగాలేనిది నేను చెయ్యలేనా? రెండు నెలల్నుంచి నడుస్తున్నాను. ఎండ ఏమీ ఇబ్బంది పెట్టదు కదా?"

మా ఆవిడ కాఫీ తెచ్చి ఇస్తూ, "మీ కంటే అన్నయ్యగారే నయం, ఎంత హుషారు!" అంది.

నాకు ఆ వాలంటీరు కుర్రాడు, అంబులెన్సు, ఏడు వచ్చిన తీసివేత అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈయనకు చేపలావిడ ఎక్కడ దొరుకుతుంది? కాఫీ బల్ల మీద పెట్టి, "అన్నగారూ, నేను ఆ పరుగు పూర్తిచెయ్యలేదండీ" అన్నాను.

మొదట ఆయన నవ్వారు, వినయమనుకుని. తరవాత మొత్తం చెప్పాను, ఐస్ హౌస్‌నుంచి ఆటో దాకా. ఆయన వింటూ వింటూ చేతిలో మిఠాయి పొట్లం ముడి విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉండిపోయారు. ఆఖరికి "మరి మెడలో పతకం?" అన్నారు. అదీ చెప్పాను. పరుగు ఫలితాలు కంప్యూటరులో ఇప్పటికీ ఉన్నాయి. నేపియర్ వంతెన దగ్గర నా సమయం ఉంది, ముగింపు దగ్గర "డి.ఎన్.ఎఫ్." అని ఉంది, అంటే పూర్తిచెయ్యలేదని. ఎవరైనా చూడవచ్చు, ఎవరూ చూడలేదు, అంతే.

మా ఆవిడ అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇంజనీరుగారు వెళ్ళాక తలుపు వేసి వచ్చింది. అబద్ధం గురించి అడుగుతుందని సమాధానాలు సిద్ధం చేసుకున్నాను. ఆమె దాని జోలికే పోలేదు.

"ఆ రోజు మీకు ఏమైనా అయి ఉంటే నాకు ఎవరు చెప్పేవాళ్ళు? చేపలావిడా?" అంది. ఇంకో నిమిషానికి, "ఆ తరవాత ప్రతి ఆదివారం మిమ్మల్ని ధైర్యంగా పంపించాను. మీరు అంత దూరం చెయ్యగలిగారు కదా అనే పంపించాను" అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఎవరమూ సరిగ్గా భోంచెయ్యలేదు.

మా అబ్బాయి మాత్రం ఫోనులో నన్ను సమర్థించబోయి ఇంకో వాదన తెచ్చాడు. "నాన్నా, 2018 బోస్టన్ మారథాన్‌లో కుండపోత వాన, ఎదురుగాలి, ఎముకలు కొరికే చలి. డెస్ లిండెన్ మొదట్లోనే ఆగిపోదామనుకుని, తోటివాళ్ళకు సాయం చేస్తూ కొనసాగి, చివరికి గెలిచింది. మగవాళ్ళలో గెలిచిన కవౌచి మీలాగే ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. నువ్వూ ఇంకాస్త ఓపిక పట్టి ఉంటేనో?" అన్నాడు. బాగా చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు. నేను చాలాసేపు ఆలోచించి, "ఆవిడకు లెక్కలు తప్పలేదు కదరా" అన్నాను. కష్టం వేరు, మతి తప్పడం వేరు. కష్టంగా ఉంటే కొనసాగించవచ్చేమో. తీసివేత రానప్పుడు మాత్రం కాదు.

ఇంజనీరుగారు మర్నాడే వాళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేదట. ఆ మాత్రతో, ఆ ఉక్కలో, అలవాటు లేకుండా అంత దూరం వద్దే వద్దన్నారట డాక్టరుగారు. అలాగని మంచినీళ్ళు కడవలకొద్దీ తాగి పరిగెత్తడమూ ప్రమాదమేనట. 2002లో బోస్టన్‌లో పరిగెత్తినవాళ్ళలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో ఉప్పు మరీ తగ్గిపోయి ఉంది. దీనికి కారణం ఎక్కువగా నీళ్ళు తాగడమేనని తేల్చారు. నేనూ ఆ రోజు కనబడిన ప్రతి పందిరి దగ్గరా రెండేసి గ్లాసులు లాగించినవాణ్ణే. ఎండ అలవాటు కావడానికి పది, పధ్నాలుగు రోజులు నెమ్మదిగా తిరిగితే ఒళ్ళు తనంతట తనే సర్దుకుంటుందని కూడా చెప్పారట. ఇంజనీరుగారు జూలై పరుగు మానుకున్నారు. కట్టిన డబ్బు వెనక్కి రాలేదని నన్నే కాస్త దెప్పుతుంటారు.

పతకం తిరిగి ఇస్తానని పరుగు నడిపినవాళ్ళకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. శాలువా పట్టుకుని మన కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "శాలువా వెనక్కి తీసుకోవడానికి మన లెడ్జరులో పద్దు లేదండీ. ఒక పని చెయ్యండి, పత్రికకు రాసివ్వండి. ఫోటో వేసింది అందులోనే కదా" అన్నారు. అందుకే ఇదంతా.

చివరికి జూన్‌లో ఓ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు పట్టినపాక్కంలో ఆటో దిగాం. నేను, మా ఆవిడ, ఇంజనీరుగారు. నా మిగిలిన ఐదు కిలోమీటర్ల 97.5 మీటర్లు నడిచి పూర్తిచేద్దామన్న ఆలోచన మా ఆవిడదే. కనకురి కథ ఆమెకు నాకంటే ఎక్కువ నచ్చింది. అడయారు వంతెన మీద నిలబడి కాసేపు నది చూశాం. అడయారులో ఇడ్లీ, కాఫీ. ఇంజనీరుగారికి ఇంకో వడ. బెసెంట్ నగర్ బీచికి చేరేసరికి ఏడూ ఇరవై. పాత పరుగు బయల్దేరింది కూడా ఆదివారం ఐదున్నరకే గనక లెక్క సులువుగా తేలింది. 49 వారాల 1 గంట 50 నిమిషాలు, టిఫినుతో సహా.

బయల్దేరేముందు పట్టినపాక్కంలో ఆ చేపలావిడ కనిపించింది. అదే చోటు, అదే పెట్టె. దగ్గరికి వెళ్ళి దండం పెట్టాను. నన్ను గుర్తుపట్టలేదు. "వంజరం వేణుమా సార్?" అని అడిగింది. మేము తినమని చెప్పడానికి నోరు రాలేదు. ఒక కిలో తూయించాను. మా ఆవిడ ఏమీ అనకుండా సంచీ తెరిచి పట్టుకుంది. దాన్ని ఐదు కిలోమీటర్లూ ఇంజనీరుగారే మోశారు. ఇంటికి వచ్చాక మా వాచ్‌మన్‌కి ఇచ్చాం.